భద్రాచలం ఊరా, పట్నమా?

మా అమ్మమ్మది భద్రాచలం. జులై వచ్చిందంటే ఫోన్ ఎత్తగానే హలో కూడా అనదు. "గోదావరి ఎన్ని అడుగులుందంట?" అని అడుగుతుంది. ఆమె ఇల్లు కరకట్టకి దగ్గరే. నేనేమో ఎక్కడో హాస్టల్లో ఉంటా. అయినా ఆ అంకె నా ఫోన్‌లోనే ముందు కనపడుతుందని ఆమె నమ్మకం.

భద్రాచలం వాళ్లకి మూడు అంకెలు నోటికి వచ్చు: 43, 48, 53. అక్కడ గోదావరి నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటిదాకా రికార్డు అదే. 1990లో 70.8 వచ్చింది. 2022 జులై 16న 71.3. ఆ రోజుల్లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అమ్మమ్మని పునరావాస కేంద్రానికి తీసుకెళ్లారు. రేషన్ కార్డు, బీపీ మాత్రలు, ఒక చీర సంచిలో పెట్టుకుని వెళ్లింది. నేనప్పుడు పది పూర్తి చేసి ఇంటర్‌కి సిద్ధమవుతున్నా. వరద అంటే వాన ఎక్కువ పడటం, అంతే అనుకునేదాన్ని.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం వరద కాదు, ఒక డ్రాప్‌డౌన్ మెనూ. పోయినేడు ఒక హ్యాకథాన్‌లో మా టీమ్‌కి "చిన్న పట్టణాల సుస్థిర అభివృద్ధి" అనే టాపిక్ వచ్చింది. ఊరి పేరు, జనాభా ఇస్తే చెత్త బండ్లు ఎన్ని కావాలో, డ్రైనేజీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే యాప్ చేశాం. ఉదాహరణకి భద్రాచలం తీసుకున్నాం. "ఊరి రకం" అనే దగ్గర మూడు ఆప్షన్లు పెట్టాం: గ్రామం, మున్సిపాలిటీ, కార్పొరేషన్. నేను మున్సిపాలిటీ నొక్కి, స్క్రీన్‌షాట్ మా మామయ్యకి పంపా. ఆయన నవ్వుతున్న బొమ్మ పెట్టి, "మనది గ్రామ పంచాయతీ రా తల్లీ" అని రాశాడు.

2011 జనగణనలో భద్రాచలం జనాభా 50,087. సరే అని "గ్రామం" నొక్కితే యాప్ పిచ్చి లెక్కలు చూపించింది. గ్రామం అంటే కొన్ని వందల ఇళ్లు అనుకుని ఫార్ములా రాసింది నేనే మరి. మాకు ప్రైజ్ రాలేదు. కానీ యాభై వేల మంది ఉన్న ఊరు కాగితం మీద ఇంకా గ్రామంగానే ఎందుకుంది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దాని వెంటపడితే తెలిసిన విషయాలు ఇక్కడ రాస్తున్నా.

పట్నం అని ఎవరు నిర్ణయిస్తారు?

మన దేశంలో ఒక ఊరు పట్టణం అవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, రాష్ట్ర ప్రభుత్వం చట్టప్రకారం దాన్ని మున్సిపాలిటీగా ప్రకటించడం. రెండోది జనగణన వాళ్ల లెక్క. కనీసం 5,000 జనాభా ఉండాలి, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాకుండా వేరే పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండాలి. ఈ మూడూ ఉంటే ఆ ఊరిని 'సెన్సస్ టౌన్' అని రాసుకుంటారు.

ఇక్కడే తిరకాసు. సెన్సస్ టౌన్ అనేది లెక్కల్లో ఒక పేరు మాత్రమే. ఆ పేరు వచ్చినంత మాత్రాన కమిషనర్ రారు, టౌన్ ప్లానింగ్ విభాగం రాదు, మాస్టర్ ప్లాన్ రాదు. ఊరిని నడిపేది పంచాయతీయే. భద్రాచలం సరిగ్గా ఈ స్థితిలో ఉంది. బస్టాండు, ఏరియా ఆసుపత్రి, లాడ్జీలు, ఐటీడీఏ ఆఫీసు, ఏటా శ్రీరామనవమి కల్యాణానికి వచ్చే జనం, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ చూసుకోవాల్సింది గ్రామ పంచాయతీ.

మరి మున్సిపాలిటీ చేసేస్తే పోలేదా? నాకూ మొదట తట్టింది ఇదే. మన ప్రోగ్రామింగ్ బుర్రకి ఇది ఒక్క లైను మార్పు. కానీ ఆ లైను రాజ్యాంగంలో ఉంది.

రాజ్యాంగంలో ఆగిపోయిన లైను

1992లో 73వ, 74వ రాజ్యాంగ సవరణలు వచ్చాయి. మొదటిది పంచాయతీలకి, రెండోది మున్సిపాలిటీలకి. ఈ రెండూ ఐదో షెడ్యూల్ ప్రాంతాలకి, అంటే మనం ఏజెన్సీ అని పిలిచే ఆదివాసీ ప్రాంతాలకి, నేరుగా వర్తించవు. వర్తింపజేయాలంటే పార్లమెంటు వేరుగా చట్టం చేయాలి. పంచాయతీల విషయంలో ఆ చట్టం 1996లో వచ్చింది. దాన్నే 'పెసా' అంటారు. మున్సిపాలిటీల కోసం 2001లో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఆర్టికల్ 243 జెడ్‌సి చెప్పేది ఇదే. పార్లమెంటు చట్టం చేసేదాకా ఏజెన్సీలో ఎన్నికైన మున్సిపాలిటీకి గట్టి పునాది లేదు.

దీని ఫలితం పక్క ఊళ్లలో కనపడుతుంది. పాల్వంచ, మణుగూరు పేరుకి మున్సిపాలిటీలు అయ్యాయి. కానీ ఈ చిక్కు వల్ల ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా అధికారుల పాలనలోనే నడిచాయి. అంటే పంచాయతీగా ఉంటే ఎన్నుకున్న సర్పంచ్ ఉంటాడు, పట్నానికి కావాల్సిన సిబ్బంది ఉండరు. మున్సిపాలిటీ అయితే సిబ్బంది వస్తారు, ఎన్నుకున్న వాళ్లు ఉండరు. రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాలి.

భద్రాచలం విషయంలో మధ్యలో ఇంకో ప్రయత్నం జరిగింది. 2022 డిసెంబర్‌లో దీన్ని మూడు గ్రామ పంచాయతీలుగా విడదీస్తూ అప్పటి ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఊళ్లో గట్టి వ్యతిరేకత వచ్చింది. తర్వాత మళ్లీ ఒకే పంచాయతీగా ఉంచాలని నిర్ణయించారు. మూడు ముక్కలు చేసినా డ్రైనేజీ ఒక్కటే, కరకట్ట ఒక్కటే. ఒక కాలువ ఎగువ సగం ఒక పంచాయతీకి, దిగువ సగం ఇంకో పంచాయతీకి వెళ్తే పూడిక ఎవరు తీస్తారన్నది ఆలోచించండి.

నా మొదటి ఆలోచన ఎక్కడ తప్పింది

"అయితే ఈ ఐదో షెడ్యూలే అడ్డం కదా" అని మామయ్యతో అన్నా. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "నువ్వు ముందు 1/70 చట్టం ఎందుకొచ్చిందో చదువు, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. చదివాక సిగ్గేసింది.

ఈ అడవుల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉన్నారు. బయటి నుంచి వచ్చిన వ్యాపారులు, వడ్డీ వ్యాపారులు అప్పుల పేరుతో, మోసపు కాగితాలతో వాళ్ల భూములు రాయించుకున్నారు. దాన్ని ఆపడానికి 1959లో భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి. 1970లో చేసిన సవరణ వాటిని ఇంకా గట్టిగా బిగించింది. అదే 1/70. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనులకి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకి మాత్రమే బదిలీ కావాలి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997లో సమతా కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ రక్షణని ఇంకా బలపరిచింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది.

అంటే నేను 'అడ్డం' అనుకున్నది ఒకరికి తలుపు గడియ. ఆ గడియ తీసేసి మాస్టర్ ప్లాన్ వేస్తే, భూమి ధరలు పెరిగాక ముందు బయటికి వెళ్లేది ఎవరో ఊహించడం కష్టం కాదు. అభివృద్ధి అని మనం పిలిచేది ఊరి అసలు మనుషులని ఊరి బయటికి నెట్టేస్తే దాన్ని సుస్థిరం అనలేం.

అలాగని ఇప్పుడున్నది బాగుందా అంటే, లేదు. చట్టం ఒకటి చెప్తుంది, ఊళ్లో ఇంకోటి జరుగుతుంది. భూమి తెల్లకాగితాల మీద చేతులు మారుతుంది. అలాంటి స్థలంలో కట్టే ఇంటికి పక్కా అనుమతి అడగడానికి ఎవరూ ముందుకు రారు. అనుమతి అడగనప్పుడు పునాది ఎంత, పిల్లర్లు ఎన్ని అని చూసేవాళ్లూ ఉండరు. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతున్న ఒక బహుళ అంతస్తుల భవనం కుప్పకూలింది. లోపల పనిచేస్తున్న కార్మికులు చనిపోయారు. ఆ వార్త వచ్చినప్పుడు మా క్లాసులో చాలామంది ఇంజినీరింగ్ తప్పు గురించి మాట్లాడుకున్నారు. సివిల్ వాళ్లు లోడ్ లెక్కలు చెప్పారు. నాకు మాత్రం లోడ్ లెక్కకి ముందు ఉండాల్సిన ఒక మెట్టు కనపడింది. ప్లాన్ కాగితం తీసుకుని వెళ్లి చూపించడానికి సరైన కౌంటర్ ఊళ్లో ఉండాలి. అక్కడ దాన్ని చదవగలిగే ఇంజినీర్ ఉండాలి. కాదంటే పని ఆపే అధికారం ఆయనకి ఉండాలి.

గీతలు మారాయి, గోదావరి అక్కడే ఉంది

భద్రాచలం చుట్టూ సరిహద్దులు మారినన్ని సార్లు చాలా తక్కువ ఊళ్లకి మారి ఉంటాయి. 1860లో ఇది నిజాం చేతి నుంచి బ్రిటిష్ వాళ్లకి వెళ్లింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. తర్వాత తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.

వీటన్నిటికంటే ఊరి రోజువారీ బతుకుని ఎక్కువగా తాకింది 2014 మార్పు. పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని కొంత భాగం, ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు చట్టం చేసింది. భద్రాచలం మండలం మొత్తం అటు వెళ్లి, భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. ఒక పక్క గోదావరి, మిగతా పక్కల రాష్ట్ర సరిహద్దు. ఆటో ఎక్కితే కాసేపట్లో వచ్చే ఎటపాక ఇంకో రాష్ట్రం. రాముడి గుడికి చెందిన సుమారు 889 ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. అంటే దేవుడు తెలంగాణలో, ఆయన పొలం ఆంధ్రలో.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు. ఈ ఐదు పంచాయతీలని తిరిగి కలపాలన్న డిమాండ్ అప్పటి నుంచీ ఉంది. అది నెరవేరుతుందా లేదా అన్నది రాజకీయం. నేను మాట్లాడేది చెత్త గురించి.

చిన్న లెక్క వేద్దాం. మన చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకి సుమారు 200 నుంచి 400 గ్రాముల చెత్త వస్తుందని అంచనా వేస్తారు. మధ్యలో 300 తీసుకుంటే, 50,000 మందికి రోజుకి 15 టన్నులు. ఏడాదికి దాదాపు 5,500 టన్నులు. యాత్రికులని ఇందులో కలపలేదు. ఇంత చెత్త వేయడానికి ఊరికి స్థలం కావాలి. పెరగడానికి స్థలం ఉన్న వైపు వేరే రాష్ట్రం అయిపోయింది. మిగిలింది ఇళ్లు, గుడి, నది. అందుకే విభజన తర్వాత డంపింగ్ యార్డు అన్న మాట భద్రాచలంలో ఇంత ఎక్కువగా వినపడుతుంది.

కానీ అదే లెక్కలో పరిష్కారం కూడా ఉంది. మన ఊళ్ల చెత్తలో సుమారు సగం తడిచెత్త: కూరగాయల తొక్కలు, అన్నం, పూలు. గుడి ఉన్న ఊరిలో పూలు, ఆకులు ఇంకా ఎక్కువ. ఇంటి దగ్గరే తడి, పొడి వేరు చేసి, తడిచెత్తని వార్డుల్లోనే ఎరువు చేస్తే, బయటికి మోయాల్సింది 15 టన్నుల నుంచి ఏడెనిమిది టన్నులకి పడిపోతుంది. స్థలం లేని ఊరికి ఇదే అందరికంటే ఎక్కువ అవసరం.

తూము మూస్తే ఏమవుతుంది?

ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్న దగ్గరికి వద్దాం. 1986 వరద తర్వాత ఊరిని కాపాడటానికి కరకట్ట కట్టారు. గట్టు ఉంటే నది లోపలికి రాదు. కానీ ఊళ్లో పడే వాన బయటికి వెళ్లాలి కదా, దానికి గట్టులో తూములు పెట్టారు. మామూలు రోజుల్లో ఊరి నీళ్లు తూముల్లోంచి గోదావరిలోకి వెళ్తాయి. గోదావరి పెరిగినప్పుడు తూములు మూసేయాలి, లేకపోతే నదే వాటిలోంచి వెనక్కి తన్నుకుంటూ ఊళ్లోకి వస్తుంది. మూశాక ఊళ్లో పడిన వాన ఊళ్లోనే ఉంటుంది. మోటార్లు పెట్టి తోడి అవతల పోయాలి. గుడి దగ్గర విస్తా కాంప్లెక్స్ ప్రాంతం మునిగిందని ప్రతి వరదకీ వార్తల్లో వినేది అందుకే.

ఇది మన క్యూ పాఠమే. లోపలికి వచ్చే వేగం బయటికి వెళ్లే వేగం కంటే ఎక్కువైతే బఫర్ నిండుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. నిమిషానికి 10,000 లీటర్లు తోడే మోటారు ఒకటి ఉందనుకుందాం. ఆ కోటి లీటర్లు తోడటానికి 1,000 నిమిషాలు, దాదాపు 17 గంటలు. వాన ఐదు సెంటీమీటర్లు పడితే మూడున్నర రోజులు. పడిన నీళ్లలో కొంత భూమిలోకి ఇంకుతుంది, నిజమే. కానీ ఎంత సిమెంటు పోస్తే అంత తక్కువ ఇంకుతుంది.

గోదావరి పెరగడానికి భద్రాచలంలో వాన పడనక్కర్లేదు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి తెచ్చే నీళ్లు చాలు. దిగువన కూనవరం దగ్గర శబరి పొంగితే ఇక్కడ నీళ్లు త్వరగా దిగవు. ఆ రెండు రోజుల్లో ఊళ్లో కూడా వాన పడితే తూములు మూసి ఉంటాయి, బఫర్ నిండుతుంది.

మోటార్లు పెంచడం ఒక దారి. బఫర్ పెంచడం ఇంకో దారి, అది చవక. బఫర్ అంటే కుంటలు, పల్లపు ఖాళీ స్థలాలు, వెడల్పైన కాలువలు. నెదర్లాండ్స్ వాళ్లు శతాబ్దాలుగా గట్లు ఎత్తు పెంచుకుంటూ వచ్చి, చివరికి నదికే చోటు వదలాలని నిర్ణయించుకుని కొన్ని చోట్ల గట్లని వెనక్కి జరిపారు. మనకి అంత డబ్బు లేదు. కానీ పల్లపు జాగాని మట్టి పోసి పూడ్చకుండా ఆపడానికి పైసా అక్కర్లేదు. ప్రతి పూడ్చిన గుంటా ఎవరో ఒకరి ఇంట్లోకి నీళ్లు పంపుతుందని ఊరంతటికీ తెలిస్తే చాలు.

ప్లాన్‌లో ఎంతమంది?

యాప్‌లో నేను చేసిన ఇంకో తప్పు, జనాభా అనే గడిలో 50,087 అని కొట్టడం. ఏరియా ఆసుపత్రికి దుమ్ముగూడెం, చర్ల నుంచే కాదు, సరిహద్దు అవతల చింతూరు వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. గర్భిణులు కొండలు దిగి వస్తారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సాల్వాజుడుం రోజుల్లో పారిపోయి వచ్చిన గుత్తికోయలు ఈ జిల్లా అడవుల్లో గూడేలు వేసుకుని ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఏ ఊరి లెక్కలోనూ చోటు లేదు. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు సేకరించే వాళ్లకి ఈ పట్నమే బజారు. నది అవతల సారపాకలో 1979 నుంచి నడుస్తున్న కాగితం మిల్లు ఉంది. సారపాక కూడా పంచాయతీయే, అక్కడి వాళ్లకి కూడా పెద్ద బజారు భద్రాచలమే. రైలు దిగే 'భద్రాచలం రోడ్' స్టేషన్ అయితే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉంది.

శ్రీరామనవమికి, ముక్కోటికి వచ్చే జనం సంగతి సరేసరి. 2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2027లో. పుష్కరాలకి ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు. ఆ పన్నెండు రోజుల కోసం కట్టేది మిగతా పన్నెండేళ్లు ఊరికి పనికొస్తుందా అన్నది అడగాల్సిన ప్రశ్న. కొత్త రోడ్డు పక్కన తూముకి వెళ్లే కాలువ ఉందా? యాత్రికులకి కట్టిన మరుగుదొడ్లు సంత రోజున కోయ మహిళలకి తెరిచి ఉంటాయా?

కాబట్టి ఊరి ప్లాన్‌ని సరిహద్దు రాళ్ల దగ్గర ఆపకూడదు. ఊరిని వాడుకునే మనుషులు ఎక్కడి నుంచి వస్తారో, ఊరి నీళ్లు, చెత్త ఎక్కడికి వెళ్తాయో అక్కడిదాకా గీయాలి.

ఉన్న చట్టంతో ఏం చేయొచ్చు?

పార్లమెంటు చట్టం వచ్చేదాకా కూర్చోవాలా? అక్కర్లేదు అనిపిస్తోంది. పెసాలో చాలామంది వాడని బలం ఉంది. అందులో ఊరు అంటే రెవెన్యూ గ్రామం అని లేదు. ఒక సమాజంగా బతికే ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు అని ఉంది. అలాంటి ప్రతి ఊరికీ గ్రామసభ ఉండొచ్చు. అభివృద్ధి ప్రణాళికలు మొదలుపెట్టే ముందు ఆ సభ ఆమోదించాలి. భూసేకరణకి ముందు దాన్నో, పంచాయతీనో సంప్రదించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2011లో నిబంధనలు కూడా వచ్చాయి.

యాభై వేల మందికి ఒకే గ్రామసభ అంటే అది మీటింగ్ కాదు, జాతర. అదే కాలనీకి ఒకటి, పేటకి ఒకటి చొప్పున చిన్న సభలు పెట్టి, అక్కడ వచ్చినవి పంచాయతీ ఏటా రాసే అభివృద్ధి ప్రణాళికలో చేరిస్తే, పంచాయతీని ముక్కలు చేయకుండానే మాట ముక్కముక్కకీ అందుతుంది. 1996లో కేరళ జన ప్రణాళిక ఇలాగే మొదలైంది. ముందు సభలు, తర్వాత ఊరి స్థితి మీద రిపోర్టు, ఆ తర్వాతే డబ్బు. మన వరంగల్ దగ్గర గంగదేవిపల్లి నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ అని పని పంచుకుని పేరు తెచ్చుకుంది. అది చిన్న ఊరు, నిజమే. కానీ భద్రాచలంలో ఒక కాలనీ కూడా అంతే ఉంటుంది.

ఇళ్ల అనుమతుల కౌంటర్ కోసం ఐటీడీఏ, పంచాయతీ కలిసి ఒక ఇంజినీరింగ్ విభాగం పెట్టుకోవచ్చు. భూమి ఎవరిదన్న ప్రశ్నకి 1/70 ప్రకారమే జవాబు ఉండాలి. భవనం నిలబడుతుందా అన్న ప్రశ్నకి మాత్రం ఆ జవాబు వచ్చేదాకా ఆగకూడదు. చెత్త, వరద విషయాల్లో ఎటపాక వైపు పంచాయతీలతో కలిసి కూర్చోవాలి. నీళ్లు ఆధార్ కార్డు చూసి రావు కదా.

రెండు మేకులు

హ్యాకథాన్ అయిపోయాక ఆ యాప్‌ని పక్కన పెట్టి ఊరి మ్యాప్ చేద్దామనుకున్నా. నెట్‌లో ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటా దించుకున్నా. ఏ వీధి ఎంత ఎత్తులో ఉందో రంగులేస్తే, ఏది ముందు మునుగుతుందో తెలుస్తుందని ఆశ. తీరా చూస్తే ఆ డేటాలో ఒక్కో చుక్క 30 మీటర్ల గడి. ఎత్తులో తప్పు కొన్ని మీటర్లు ఉండొచ్చు. రెండో హెచ్చరికకి, మూడో హెచ్చరికకి మధ్య తేడా 5 అడుగులు, అంటే ఒకటిన్నర మీటరు. నా డేటాకి ఆ తేడా కనపడనే కనపడదు.

సెలవుల్లో ఇంటికి వెళ్లి ఈ బాధ అమ్మమ్మకి చెప్పా. ఆమె నన్ను వెనక పెంకుటింట్లోకి తీసుకెళ్లింది. ఆ గోడకి రెండు మేకులున్నాయి. పైది నా చెయ్యి అందనంత ఎత్తులో, 1986ది. మా తాతయ్య కొట్టాడట. కిందది నా మోకాలు దగ్గర, 2022ది. మామయ్య కొట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ పై మేకుకి చేతిసంచి తగిలించి ఉండేది, అది సంచి కోసమే అనుకునేదాన్ని.

"పైది గోదారి వచ్చింది. కిందది గోదారి కాదే, మన వాన నీళ్లే, పోడానికి దారి లేక నిలబడ్డాయి" అంది అమ్మమ్మ. పైన నేను తూము గురించి పేజీ నిండా రాసింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం మామయ్య, నేను టేపు పట్టుకుని ఆ వీధిలో పదకొండు ఇళ్లకి వెళ్లాం. ఏడు ఇళ్లలో ఏదో ఒక గుర్తు ఉంది. ఒకరింట్లో బొగ్గుతో గీత, ఒకరింట్లో పెయింటు, ఒకరింట్లో తలుపు మీద మరక. 1986 నాడు నది ఊరంతా ఒకే మట్టంలో నిలబడి ఉంటుంది కాబట్టి, ఆ గుర్తు నుంచి నేల దాకా కొలిస్తే ఏ ఇల్లు ఎంత పల్లంలో ఉందో తెలుస్తుంది. ఒకే వీధిలో ఈ చివరికి, ఆ చివరికి రెండున్నర అడుగుల తేడా వచ్చింది. వాటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద చుక్కలుగా పెట్టుకున్నా. ఏడు చుక్కలు మ్యాప్ కాదు. ఏడు వందలైతే పంచాయతీ బల్ల మీద పెట్టి, ఏ కాలువ ముందు వెడల్పు చేయాలి, ఏ పల్లం పూడ్చకూడదు అని అడగొచ్చు.

వచ్చే వేసవి సెలవుల్లో మిగతా వీధులు తిరగాలని ఉంది. మన కాలేజీలో భద్రాచలం, బూర్గంపాడు, చర్ల వైపు వాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఇంట్లో వరద గుర్తు ఉంటే నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, ఏ ఏడాదిదో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్నారు, గోడలతో పాటు గుర్తులు కూడా పోతున్నాయి. అందుకే కొంచెం తొందరగా అడగండి.